ఇంట్లోనే రాళ్ళు తీసే పద్ధతి

గురజాల నుంచి మాచర్ల వెళ్ళే రోడ్డు మీద శరత్‌కి నాపరాళ్ళ షాపు ఉంది. షాపంటే చుట్టూ ముళ్ళకంప కట్టిన స్థలం, అందులో ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన బండలు, ఓ మూల రేకుల గది, అంతే. పాత ఇళ్ళలో పరిచిన బండలు తీయించి తెచ్చి అమ్ముతాడు కూడా. షాపు పెట్టక ముందు అతను ఇవే రాళ్ళను లారీలో ఊరూరా తోలాడు. ఇంజను మోత మీద మాట్లాడి మాట్లాడి గొంతు పెద్దదైపోయింది. ఫోనులోనూ అరిచే మాట్లాడతాడు. అవతలివాళ్ళు సగం చెప్పేసరికి మిగతా సగం తనకు అర్థమైపోయిందనుకోవడం అతని అలవాటు. అదొక్కటి పక్కన పెడితే మంచి వ్యాపారస్తుడే.

కొత్తగా ఇళ్ళు కట్టేవాళ్ళంతా టైల్స్‌కి పోతున్నారు. నాపరాయి గొడ్లచావిడికీ పెరటికీ పరిమితమైపోయింది. చేతులు కట్టుకుని కూర్చుంటే లాభం లేదని అతని భార్య గ్రేస్ బ్లాగు మొదలుపెట్టింది. పెళ్ళికి ముందు ఆమె నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచరు. ఎండాకాలం నాపరాయి మీద పడుకుంటే ఒళ్ళు ఎట్లా చల్లబడుతుందో, ఆకుపచ్చ జీర ఉన్న రాయికీ నల్లరాయికీ తేడా ఏమిటో, పాలిష్ ఎప్పుడు పట్టించాలో ఓపిగ్గా రాసింది. చక్కగా రాసింది కూడా. చదివేవాళ్ళే లేరు. శరత్ మాత్రం రోజూ పొద్దున్నే ఫోనులో తెరిచి చూసి, మన పేపరు వచ్చిందా అని అడిగేవాడు.

గ్రేస్‌తో పాటు ఆ స్కూల్లో పనిచేసిన సబా ఇప్పుడు ఇంటి నుంచే షాపులవాళ్ళకు ఆన్‌లైన్ ప్రచారం చేసిపెడుతోంది. గ్రేస్ ఆమెకు ఫోన్ చేసి తన బాధ చెప్పుకుంది. సబా బ్లాగంతా చూసి, రాత బాగానే ఉందిగానీ ఎవరూ వెతకని మాటలతో రాశావని తేల్చింది. జనం గూగుల్లో ఏ మాట కొడతారో ఆ మాట పేజీలో ఉండాలి, పదిమంది చూసే వేరే పేజీలవాళ్ళు మన లింకు పెట్టుకోవాలి, ఫేస్‌బుక్కులోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరగాలి, అప్పుడుగాని బ్లాగు పైకి రాదని వివరంగా చెప్పింది.

గ్రేస్ రాసిన వాటిలో 'పాత ఇళ్ళలోని నాపరాళ్ళను పగలకుండా తొలగించే విధానం' అని ఒకటుంది. సబా కన్ను దాని మీద పడింది.

"ముందు ఆ 'నాప' తీసెయ్యవే. అది కొట్టేవాళ్ళు పిడికెడు మంది. ఒట్టి రాళ్ళు అని కొట్టేవాళ్ళు ఎంతమందున్నారో చూశావా? లక్షల్లో ఉన్నారు" అంది.

లక్షలమంది తెలుగువాళ్ళు రాళ్ళ గురించి ఎందుకు వెతుకుతున్నారన్న ప్రశ్న ఆ సమయంలో ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

గ్రేస్ ఆ పూటే కూర్చుని వ్యాసంలో 'నాప' అన్న ప్రతిచోటా ఆ రెండక్షరాలూ కొట్టేసింది. 'ఇంట్లోనే సులువుగా రాళ్ళు తీసే పద్ధతి' అని పేరు మార్చింది. లోపల సంగతి పాతదే. ముందురోజు నుంచి నీళ్ళు బాగా పట్టించాలి. తొందరపడి బలం ఉపయోగించకూడదు. ఒక పక్క నుంచి మెల్లగా కదిలిస్తే మిగతావి వాటంతట అవే వచ్చేస్తాయి. మొండి మరకలుంటే బకెట్టు నీళ్ళలో కాస్త యాసిడ్ కలపాలి. అదీ వరస. సబా ఆ లింకును తనకు తెలిసిన గ్రూపులన్నిటిలో వేసింది. ఇంటి చిట్కాలు చెప్పే ఒక ఫేస్‌బుక్ పేజీవాళ్ళు దాన్ని తమ దాంట్లో పెట్టుకున్నారు. కషాయం పొడి అమ్మే ఒకాయన ఎవరూ అడక్కుండానే తన వెబ్‌సైట్‌లో లింకు ఇచ్చాడు. ఎందుకిచ్చాడో గ్రేస్‌కి తెలియలేదు, మంచివాడు కాబోలనుకుంది.

వారం తిరిగేసరికి బ్లాగు ఎక్కడికో వెళ్ళిపోయింది. చూసేవాళ్ళ లెక్క చెప్పే గ్రాఫులో గీత నిలువునా లేచింది. సబా ఫోన్ చేసి, గూగుల్లో మనమే మొదటి స్థానమని చెప్పి, నరసరావుపేటలో కూర్చుని స్వీట్లు పంచింది. రోజూ వేలమంది మా షాపు చూసిపోతున్నారని శరత్ టీకొట్టు దగ్గర చెప్పుకున్నాడు. టీకొట్టాయన రోడ్డుకు ఎదురుగానే ఉంటాడు. ఒక్కడూ కనపడలేదే అన్నాడు. వాళ్ళు ఆన్‌లైన్లో వస్తారని శరత్ అతనికి నచ్చజెప్పాడు. రాయి మాత్రం ఒక్కటీ కదల్లేదు.

అట్లాంటి రోజుల్లో ఓ మధ్యాహ్నం సత్తెనపల్లి నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది రోశయ్య అనే పెద్దమనిషి.

"అయ్యా, మీరు రాళ్ళు తీస్తారంటగా" అన్నాడు.

బ్లాగు చూసి వచ్చిన మొదటి ఫోను. శరత్ లేచి నిలబడ్డాడు.

"తీస్తాం పెద్దాయనా. సైజెంత?"

"పెద్దది ఎనిమిది ఎమ్మెమ్ ఉందన్నారు."

"ఎనిమిది ఎమ్మెమ్మా? అంత పల్చటి రాయి నేనెప్పుడూ చూళ్ళేదు. ముట్టుకుంటే పగులుద్ది."

"పగిలితే మంచిదేగా అయ్యా. ముక్కలై పడిపోతే పీడ పోద్ది."

"పగలగొట్టేదానికైతే ఎంతసేపు. ఎక్కడున్నయ్?"

"ఎడం పక్క రెండు, కుడి పక్క ఒకటి. పైకేం కనపడవు. లోపలెక్కడో ఉన్నయ్."

"అంటే పూడిపోయుంటయ్. ముందు తవ్వాలి. తవ్వి, గడ్డపలుగు పెట్టి ఒక పక్క లేపితే అయ్యే వచ్చేస్తయ్."

రోశయ్య గొంతు తగ్గించి అడిగాడు.

"మత్తు ఉంటదా?"

"ఆ మాటే వద్దు. నా దగ్గర పనిలో మత్తు అనేదే ఉండదు పెద్దాయనా. నలుగురు మనుషులొస్తారు, గంటలో తేల్చేస్తారు."

ఫోన్ కట్టయింది. ఎవరో పనోళ్ళకు మందు పోయిస్తానంటున్నాడు, మనం ఒప్పుకోలేదని జారుకున్నాడని శరత్ భార్యకు చెప్పాడు. ఆ విషయంలో తాను గట్టిగా నిలబడ్డందుకు అతనికి గర్వంగానే ఉంది.

రోశయ్య భయపడి ఊరుకునేవాడే. కానీ అతని భార్య లక్ష్మమ్మ ఫోనుకు ఒక వాట్సాప్ మెసేజి వచ్చింది. కత్తి లేకుండా, ఆసుపత్రి గడప తొక్కకుండా పల్నాడులో రాళ్ళు తీస్తున్నారనీ, అందరికీ పంపి పుణ్యం కట్టుకోమనీ దాని సారాంశం. కింద గ్రేస్ బ్లాగు లింకూ, షాపు అడ్రసూ ఉన్నాయి. రోశయ్య అప్పటికే ఆపరేషన్ అన్న మాట విని ఒక ఆసుపత్రి నుంచి చెప్పాపెట్టకుండా బస్సెక్కి వచ్చేసినవాడు. గడ్డపలుగు అన్నది మాటవరసకు అని ఉంటారులెమ్మని లక్ష్మమ్మ సర్దిచెప్పి అతన్ని వెంటబెట్టుకుని గురజాల బస్సెక్కింది.

వాళ్ళు వచ్చేసరికి శరత్ బండలు సర్దిస్తున్నాడు. రోశయ్య కంప దాటి లోపలికి వచ్చి, వరసలుగా నిలబెట్టిన రాళ్ళను చూస్తూ ఆగిపోయాడు.

"ఇయ్యన్నీ మీరు తీసినయ్యేనా?" అన్నాడు.

"మేం తీసినయ్యే. మొన్న ఒక్క ఇంట్లోనే లారీ లోడు తీశాం" అన్నాడు శరత్.

రోశయ్య భార్య వైపు చూశాడు. లక్ష్మమ్మ మాత్రం ధైర్యంగా సంచిలోంచి స్కానింగు కాగితం తీసి శరత్ చేతికిచ్చింది. ఇంటి ప్లాననుకుని శరత్ దాన్ని ఇటూ అటూ తిప్పాడు. వంటిల్లు ఎటువైపో అంతుబట్టలేదు. ఇది చదివిపెట్టమని గ్రేస్‌ను పిలిచాడు.

గ్రేస్ కాగితం చూసింది. పైన రోశయ్య పేరు, వయసు ఉన్నాయి. కింద రెండు కిడ్నీల బొమ్మలు ఉన్నాయి. ఆమెకు విషయం అర్థమైంది. భర్తను పక్కకు లాగి సంగతి చెప్పింది. శరత్ ఫోనులో తానన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తుతెచ్చుకుని, తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

గ్రేస్ పరుగున గదిలోకి పోయి బ్లాగు కింద జనం రాసినవి చదివింది. ఇన్నాళ్ళూ ఎంతమంది వచ్చారో లెక్క చూసుకుందిగానీ, వచ్చినవాళ్ళు ఏం రాస్తున్నారో సరిగ్గా చదవలేదు. నడుములో పోటు తగ్గడం లేదు, ఏ పక్కకు కదలాలి అక్కా అని ఒకరు అడిగారు. నీళ్ళు పట్టిస్తున్నాను, ఇంకా రాలేదని ఇంకొకరు రాశారు. అన్నిటికన్నా కింద, ఆ యాసిడ్ పరగడుపున తాగాలా, అన్నం తిన్నాక తాగాలా అని ఒకాయన అడిగాడు.

గ్రేస్ గబగబా వద్దు, తాగొద్దు, అది బండల మీద పోసేది అని రాసి, ఆయన జవాబు వచ్చేదాకా కుర్చీ అంచున కూర్చుంది. అడిగి చేద్దామని ఆగాను, ఇంకా తాగలేదమ్మా అని ఆయన రాశాడు. వెంటనే ఆ వ్యాసం మొత్తం తీసేసింది. దాని బదులు, ఇది ఇంటి నేల మీద పరిచే రాళ్ళ షాపు, ఒంట్లో రాళ్ళున్నవాళ్ళు దయచేసి డాక్టరు దగ్గరికి పోండి అని పెద్ద అక్షరాలతో పెట్టింది.

ఈలోగా బయట రోశయ్యకు నొప్పి అందుకుంది. బండ మీద కూర్చున్నవాడు అట్లాగే పక్కకు ఒరిగాడు. శరత్ ఆటో పిలిచి, ఊళ్ళో ఆసుపత్రికి తీసుకుపోయి ఇంజెక్షను వేయించాడు. అక్కడి డాక్టరు రాయి పెద్దదైంది, ఆలస్యం చేయకుండా నరసరావుపేట పోవాలన్నాడు. రోశయ్య మళ్ళీ బస్టాండు వైపు చూడసాగాడు. లక్ష్మమ్మ ఎంత చెప్పినా వినలేదు. చివరికి శరత్ అతని పక్కన మంచం మీద కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడాడు.

"బాబాయ్, నేను ఫోనులో చెప్పింది బండల సంగతి. నువ్వు అడిగింది నాకు అర్థం కాలా, తప్పు నాదే. అక్కడ గడ్డపలుగు ఉండదు, మత్తు ఉంటది. నువ్వు నిద్రపోయి లేస్తావు, అంతే. లేచిందాకా నేను బయటే ఉంటా."

"నువ్వొస్తావా?" అన్నాడు రోశయ్య.

శరత్ అన్నమాట ప్రకారం వెంట వెళ్ళాడు. రోశయ్యను లోపలికి తీసుకుపోతుంటే తలుపు దాకా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. డాక్టర్లు లోపల గొట్టం పంపి రాళ్ళను నలగగొట్టారు. రోశయ్య మెలకువ వచ్చాక ఏమీ తెలియలేదని చెప్పి, ఇంత సులువైన దానికి నన్ను ఇన్నాళ్ళు ఎందుకు భయపెట్టారని భార్య మీద విసుక్కున్నాడు.

గురజాలలో గ్రేస్‌కి మాత్రం యుద్ధం మిగిలింది. సబా వ్యాసం తీసేసినందుకు గొల్లుమంది. మొదటి స్థానం ఎవరైనా చేజేతులా పోగొట్టుకుంటారా అంది. యాసిడ్ సంగతి వినేసరికి దిగివచ్చి, గ్రూపుల్లో వేసినవన్నీ తనే తీయిస్తానంది. కషాయం పొడి ఆయన కూడా ఫోన్ చేశాడు. మీ పేజీకి వచ్చే నొప్పులవాళ్ళను మా పొడి వైపు తిప్పండి, మీ వాటా మీకిస్తానన్నాడు. గ్రేస్ లింకు తీసేయమంది. ఉచితంగా ఇంతమందిని పంపానని అతను నిష్టూరమాడాడు. మళ్ళీ ఫోన్ చేస్తే నీ పొడి నీకే కలిపి పోస్తానని గ్రేస్ అంది. అంత కోపం తనలో ఉందని ఆమెకూ అప్పుడే తెలిసింది.

గ్రాఫులో గీత వచ్చిన దారినే దిగిపోయింది. గ్రేస్ దాన్ని చూసి ఒక పూట దిగులుపడి, తర్వాత చూడటం మానేసింది.

నెల దాటాక లక్ష్మమ్మ ఫోన్ చేసింది. ఆ రోజు షాపులో రోశయ్యను కూర్చోబెట్టిన రాయి ఎంత నున్నగా, చల్లగా ఉందో తను చేత్తో తడిమి చూసిందట. పెరట్లో బట్టలుతుక్కోవడానికి అట్లాంటిదొకటి కావాలంది. శరత్‌కి సత్తెనపల్లిలో ఎటూ ఒక లోడు దించేదుంది. దాంతో పాటు ఈ బండా వేసుకుని, గ్రేస్‌ను ఎక్కించుకుని వెళ్ళాడు.

రోశయ్య నడుముకు తుండుగుడ్డ బిగించి, ఎవరూ అడక్కుండానే బండ ఎటు వాలుగా ఉండాలో చెబుతూ నిలబడ్డాడు. లక్ష్మమ్మ కోడికూర, గోంగూర పెట్టింది. తిన్నాక శరత్ వసారాలో మంచమెక్కి నిద్రపోయాడు. లక్ష్మమ్మ కొత్త బండ మీద నీళ్ళు చల్లి, అప్పుడే మొగుడి పంచె ఒకటి ఉతకడం మొదలుపెట్టింది. గ్రేస్ పక్కన కూర్చుంది. బట్టలుతికే బండల గురించి రాద్దామని ఆమెకు ఆలోచన వచ్చింది. ఈసారి జనం వెతికే మాట విషయంలో పొరపాటు పడకూడదనుకుంది.

"పెద్దమ్మా, నీకు ఇట్లాంటి రాయి కావాలంటే ఫోనులో ఏమని కొట్టి వెతుకుతావు?" అని అడిగింది.

లక్ష్మమ్మ పంచె పిండుతూ ఆలోచించింది.

"ఫోన్లో ఎందుకు వెతుకుతానే అమ్మాయ్? రాయి ఉన్నోళ్ళింటికి పోయి, ఏడ తెచ్చావని అడుగుతా."

గోడ అవతల నుంచి పక్కింటావిడ తల కనబడింది. ఆమె చాలాసేపటి నుంచే చూస్తున్నట్టుంది. బండ బాగుంది, ఇంతే వెడల్పుది తనకూ ఒకటి దొరుకుతుందా అని లక్ష్మమ్మను అడిగింది. లక్ష్మమ్మ తడి చేత్తో గ్రేస్‌ను చూపించింది. గ్రేస్ కొలత తీసుకోవడానికి లేచి, టేపు కోసం శరత్‌ను నిద్రలేపింది.