వెనక వరుస అభ్యర్థి

తన సభకు భర్త వేసుకోబోయే తెల్లచొక్కాను అండాలమ్మ ఇస్త్రీ చేస్తోంది. 2009 నవంబరు, హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికలు. వార్డు మహిళలకు రిజర్వు కావడంతో దశరథ ఆమె చేత నామినేషన్ వేయించాడు.

"నువ్వు దండం బెట్టు, చాలు. మాట్లాడుడు నేను జూస్కుంట," అన్నాడు అద్దంలో తల దువ్వుకుంటూ. "ఫుట్‌పాత్ ముచ్చట మాత్రం ఎత్తకు. ఇజ్జత్ పోతది."

ఆ ముచ్చట పన్నెండేళ్లు సాగింది. నల్లగొండ నుంచి వచ్చింది మొదలు, దశరథ ప్లాట్ల బేరాలంటూ తిరుగుతుంటే, ఆమె దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు పక్కన నేలమీద గుడ్డ పరిచి చీర ఫాల్సు, లంగాలు అమ్మింది. ఆ రోడ్డు పొడవునా ఆడవాళ్లకు ఒక్క మరుగుదొడ్డి లేదు. అందుకే పొద్దుగూకేదాకా గుక్కెడు నీళ్లు తాగేది కాదు. ఇంటికొచ్చి మూత్రం మంటతో మెలికలు తిరుగుతుంటే, "నీళ్లు దాగాలని గూడ తెల్వదా నీకు?" అనేవాడు దశరథ. ప్లాట్ల వ్యాపారం కుదురుకున్నాక ఆ పన్నెండేళ్లు ఇంట్లో ఎవరికీ గుర్తు లేకుండా పోయాయి.

చైతన్యపురిలోని ఒక ఫంక్షన్ హాల్లో వర్తకులు అభ్యర్థులందరినీ పిలిచారు. దిల్‌సుఖ్‌నగర్ సెంటరు రేపు ఎలా ఉండాలన్నది చర్చ. వేదిక మీద ముందు వరుసలో భర్తలు, వెనక వరుసలో అభ్యర్థులు. పక్క కుర్చీలో ప్రత్యర్థి సూర్యప్రభ, కోస్తా నుంచి వచ్చి స్థిరపడినావిడ. "రాత్రంతా ప్రసంగం బట్టీపట్టానండీ. ఇప్పుడు ఆయనే చదివేస్తున్నారు," అంది మెల్లగా.

తెలంగాణ మాట రాగానే ఆవిడ భర్త గంగాధరరావు, దశరథ కొట్టుకున్నంత పని చేశారు. ఫుట్‌పాత్ దుకాణాలు లేపేసి కార్ల పార్కింగు కట్టాలన్న దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. అందుకు అభ్యర్థులు సంతకం పెట్టాల్సిన హామీపత్రం వచ్చింది. సూర్యప్రభ తలవంచుకుని సంతకం పెట్టింది. దశరథ పెన్ను మూత తీసి భార్య చేతికిచ్చాడు.

అండాలమ్మ కాగితం చివరిదాకా చదివింది. లేచి మైకు దగ్గరికి నడిచింది.

"నేను సంతకం పెట్ట. ఆ ఫుట్‌పాత్ మీద పన్నెండేండ్లు కూసొని అమ్మిన. మా ఆయన తిన్నది ఆ కూడే. ముందుగాల ఆడోళ్లకు మరుగుదొడ్లు కట్టుండ్రి. కార్ల సంగతి తర్వాత జూద్దాం."

ఎవరో నవ్వారు. ఆమెకు జ్వరమని చెప్పి దశరథ మైకు లాక్కున్నాడు.

ఆమె ఓడిపోయింది. సూర్యప్రభ గెలిచింది, దండలు గంగాధరరావు మెడలో పడ్డాయి. నెల తిరక్కుండానే, ఊరంతా తెలంగాణ ఉద్యమంతో అట్టుడుకుతుండగా, ఫుట్‌పాత్ దుకాణాలు లేపేశారు. మరుగుదొడ్డి ఊసే లేదు. దశరథ భార్యతో మాట్లాడటం మానేశాడు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, గోడకు చెప్పినట్టు అన్నాడు.

"వచ్చేసారి మా తమ్ముని పెండ్లాన్ని నిలబెడత."

అండాలమ్మ అతని కంచంలో పప్పు వడ్డించింది.

"నిలబెట్టు," అంది. "ఆమె మీద నేను నిలబడత."