పసుపు కడిగిన ఎముక

నేను ఒక ఎముకను. రాయిని కూడా. ఈ రెండింటిలో ఏదో ఒకటి తేల్చమని మనుషులు పట్టుబట్టిన రోజే నా బతుకు తలకిందులైంది, అందుకే ముందుగా చెప్పేస్తున్నాను.

నేను మోసిన ఒంటి గురించి నాకు తెలిసింది తక్కువ. ఏదో జంతువు, నడిచినప్పుడల్లా నా మీద బరువు పడేది, అంతే. అది ఎలా చచ్చిందో అడగకండి. మట్టి కింద నాలోకి రాయి ఎలా చేరిందో చదువుకున్నవాళ్లు చక్కగా చెబుతారు. నాకు తెలిసిందల్లా, అంతకాలమూ నన్ను ఎవరూ పిలవలేదు.

ప్రాణహితకు దగ్గరి ఊళ్లో ఓదేలు అనే రైతు పత్తిచేను దున్నుతుంటే నాగలికి తగిలాను. మోచెయ్యంత పొడుగు, ఒక కొస ఉబ్బెత్తు. పారేయబోయి, ఎందుకో ఇంటికి తెచ్చాడు. కొద్దిరోజులకే వాళ్ల ఆరేళ్ల కూతురు స్వరూప జ్వరంతో పోయింది. పెళ్లికాని పిల్ల పోతే ఆమె పేరున దేవుడి మూల ఒక రాయిని నిలిపి కొలవడం ఆ ఇంటి ఆచారం. మంచి రాయిని వెతికే ఓపిక ఎవరికుంది? ఇంట్లో నేనున్నాను. ఉబ్బెత్తు కొసను తల అనుకుని, బొట్టు పెట్టి, నన్ను స్వరూపను చేశారు.

తల్లి బానవ్వ వారం వారం నాకు నూనె పట్టించి, పసుపు రాసేది. పొయ్యి దగ్గర కూర్చుని నాతో మాట్లాడేది. రొట్టె ముక్క ముందు పెట్టి తినమని బతిమాలేది. నాకు నోరు లేదని ఆమెకు తెలియకా కాదు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. పోనుపోను భయం పట్టుకుంది. "స్వరూపా" అని ఆమె పిలిచినప్పుడల్లా నాలో ఏదో కదిలేది. అది ఆ పిల్లో, ఆ జంతువో, వట్టి నూనె ఇంకడమో తెలిసేది కాదు.

ఓదేలు మాత్రం నా వైపు చూసేవాడు కాదు. నన్ను దాటాల్సి వస్తే గోడకు ఆనుకుని నడిచేవాడు. బతికున్నవాళ్లతో మాట్లాడటం పెళ్లాం మానేసిందని, దానికి కారణం నేనేనని అతని పగ. అందులో అబద్ధమేమీ లేదు.

అందుకే రాక్షసబల్లుల ఎముకలు కొనిపెట్టే దళారి వెంకటాద్రి ఊళ్లోకి రాగానే ఓదేలు తనే వెళ్లి పిలుచుకొచ్చాడు. వెంకటాద్రి నన్ను చూసీ చూడగానే మాంసం తినే రాక్షసబల్లి ఎముక అని తేల్చేశాడు. మనుషులకు కరిచేవాటి మీదే మోజు, ఆకులు మేసేవాటికి అంత గిరాకీ ఉండదు. కానీ పట్నంలోని కొనుగోలుదారు తెలివైనవాడు. నిపుణులు చూసి రాసిస్తేనే తీసుకుంటానన్నాడు. అలా వచ్చింది డాక్టర్ సుభద్ర, రాళ్ల శాస్త్రం చదివి రిటైరైన మనిషి.

బానవ్వ ఆవిడను వాకిట్లోనే పట్టుకుంది. "మేడం, ఉత్త రాయే అయితే దీన్ని తీస్కపోరు గదా?"

"రాయైతే ఎవరూ కొనరమ్మా. మీ ఇంట్లోనే ఉంటుంది."

బానవ్వకు పోయిన ప్రాణం లేచొచ్చింది. నాకూ అంతే.

సుభద్ర నా విరిగిన కొసను నాలుకతో తాకింది. అసహ్యించుకోకండి, వాళ్ల పనిలో అది పాత పద్ధతి. ఎముక నిండా సన్నని రంధ్రాలుంటాయి కాబట్టి నాలుకను పట్టేస్తుంది. వట్టి రాయి పట్టదు. నేను పట్టలేదు.

"రాయిలాగే ఉంది. ఏమిటో జిడ్డుగా కూడా ఉంది" అంది మూతి తుడుచుకుంటూ. వెంకటాద్రి ముఖం మాడిపోయింది.

బానవ్వ అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. తన బిడ్డను జిడ్డు అంటే ఏ తల్లి ఊరుకుంటుంది?

"జిడ్డు గాదు మేడం, మంచినూనె. ఇన్నేండ్లసంది ఒక్క వారం తప్పలే. ఎంత రాసినా తాగుతది నా బిడ్డ."

సుభద్ర ఆగిపోయింది. రాయి అంత నూనె తాగదు. వేడినీళ్లు, కుంకుడు రసం కావాలంది.

"నేనే పోస్త" అని బానవ్వ కాళ్లు చాపుకుని నన్ను వాటి మీద పడుకోబెట్టుకుంది. కుంకుడు నురగలో పసుపు, కుంకుమ, నూనె కారిపోయాయి. అన్నేళ్లుగా నేను తొడుక్కున్న స్వరూప అలా వాకిట్లోంచి కాలవలోకి పోతుంటే దిక్కులేనిదాన్నయ్యాను.

నేను ఎండలో ఆరాక సుభద్ర ఒక మూల చిన్న పెచ్చు లేపి, నూనె అందని చోట నాలుక పెట్టింది. పట్టుకున్నాను. వద్దనుకున్నా ఒంటి గుణం ఎక్కడికి పోతుంది? ఆవిడ భూతద్దంతో చాలాసేపు చూసింది.

"ఎముకే. అయితే మీరన్నట్టు మాంసం తినేది కాదు వెంకటాద్రిగారూ, ఆకులు మేసేది. ఈ కొస చూడండి, ఇంకా గట్టిపడలేదు. పెరిగే వయసు. చిన్నపిల్ల."

చెప్పింది వెంకటాద్రికి. విన్నది బానవ్వ.

"చిన్నపిల్ల బొక్కనా? ఇన్నొద్దులు ఇంట్ల బొక్కను పెట్టుకున్ననా?"

ఎముక ఇంట్లో ఉండకూడదు. నీళ్లలో కలిపితేనే పోయినవాళ్లకు దారి. స్వరూప చిన్నపిల్ల గనక కాల్చలేదు, పూడ్చారు. ఏటిలో కలపడానికి ఆ తల్లికి ఏమీ మిగల్లేదు. పొయ్యి దగ్గర ఎన్నిసార్లు చెప్పుకుని ఏడ్చిందో నాకు తెలుసు.

పిల్లదైనా కొనుగోలుదారును ఒప్పిస్తానంటూ వెంకటాద్రి ఫోన్ సిగ్నల్ కోసం వీధిలోకి వెళ్లాడు. సుభద్ర తన కాగితాలు తీసింది. బానవ్వ నన్ను కొంగులో చుట్టుకుని వెనక తలుపు నుంచి బయటపడింది. ఓదేలు వెంటపడి రేవు దగ్గర అందుకున్నాడు.

"ఏడికే? అమ్ముతమని మాటిచ్చిన."

"దీనికి సుత తల్లి ఉండెగదా. ఎంత ఎతికిందో ఏమో" అంది బానవ్వ. "నేను పట్టుకొని కూసున్న. ఇగ పోనిద్దాం."

ఓదేలు నన్ను చేతుల్లోకి తీసుకున్నాడు. లాక్కుంటాడనుకున్నాను. ఉబ్బెత్తు కొస కింద అరచెయ్యి పెట్టి, నిద్రపోయిన పిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. "ఒడ్డుకేస్తే వానికి దొరుకుతది. లోతుకు పోదాం" అన్నాడు. ఇద్దరూ ఛాతీ లోతు దాకా దిగారు. "పో బిడ్డా" అని అతనే వదిలాడు.

వెంకటాద్రి వలలు వేయించాడట, నేను దొరకలేదు. బానవ్వ ఇప్పుడు రేవులో బట్టలు ఉతుకుతూ పక్కవాళ్లతో కబుర్లు చెబుతుంది. మొన్న నవ్వడం కూడా విన్నాను. పిల్ల వెళ్లిపోయిందని మొగుడూ పెళ్లాం నమ్మారు. నమ్మనివ్వండి, వాళ్లు బతకాలి.

ఇక్కడ నీళ్లు మసకబారే వేళకు ఒక పిల్ల నన్ను ఆనుకుని, అమ్మ ఎప్పుడొస్తుందని అడుగుతుంది. ఆ గొంతు స్వరూపదో, నేను మోసిన ఆ పిల్ల జంతువుదో పోల్చుకోలేను. వస్తుందిలే, పడుకో అంటాను.