ఆరని అలుకు

గోదారి ఎంత ఎత్తు వస్తుందో కొండమ్మ ఇంటి గోడ ముందే చెప్పేది. భద్రాచలానికి దిగువన, అడవి అంచున ఉన్న ఆ గూడెంలో ఇది ఎవరికీ వింత కాదు. వానాకాలంలో ఆడవాళ్లు నీళ్లకు పోతూ పోతూ ఆమె ఇంట్లోకి తొంగిచూసేవారు. మట్టిగోడ మీద మోకాలెత్తున తడిగీత కనిపిస్తే విత్తనాల బుట్టలు అటకెక్కేవి, మేకలు గుట్టెక్కేవి. కొండమ్మ మొగుడు జంపయ్య ఏటి నడుమ లంకలో పశువులు మేపుకుంటూ ఉండేవాడు. గీత పడగానే ఆమె ఒడ్డున నిలబడి డోలు కొట్టేది. అతను మందను ఈదించుకుని ఇల్లు చేరేవాడు.

ఎనభై ఆరు శ్రావణంలో కూతురు జంపక్కను చూడడానికి చండ్రుగొండ వైపు నుంచి చుట్టాలు వస్తామన్నారు. పిల్లను చూసేవాళ్లు ఇల్లూ చూస్తారు కదా! కొండమ్మ ఎర్రమన్ను తెచ్చి గోడలన్నీ అలికింది. అలుకు ఎంతకీ ఆరలేదు. ముసురులో ఎట్లా ఆరుతుందిలే అనుకుంది. తొంగిచూసిన వాళ్లకూ అదే చెప్పింది. డోలు తియ్యలేదు.

గూడెంలో పడింది సన్న తుంపరే. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం ఒడ్డెక్కి, ఎగువ అడవుల మీద తిష్ఠ వేసి, అసలు వానంతా అక్కడ కుమ్మరించింది. ప్రాణహిత, ఇంద్రావతి నిండి గోదారిలో పడ్డాయి. దిగువన శబరి పోటెత్తి ఆ నీటిని ముందుకు పోనివ్వలేదు. మన నెత్తిన వాన లేదు కదా అని ధీమాగా ఉన్నవాళ్ల కొంపే గోదారి ముంచుతుంది.

మధ్యాహ్నం పొయ్యి ముందు కూర్చున్న జంపక్క తలెత్తి చూసింది.

"అమ్మా, నువ్వు అలికింది చెయ్యందిన కాడికే గదా. ఆ పైన గూడ తడేంది?"

కొండమ్మ చూసింది. అలుకు దాటి, వాసాల దాకా గోడంతా చెమ్మగిల్లి ఉంది. మరుక్షణం డోలు తీసుకుని ఒడ్డుకు ఉరికింది. జంపక్క ఇల్లిల్లూ తిరిగి ముసలీ ముతకా అందరినీ గుట్ట మీదికి తరిమింది.

లంక మీద జంపయ్య లేచి చెయ్యి ఊపాడు. ఎప్పటిలాగే మందను నీళ్లలోకి దించాడు. సగం దూరం వచ్చేసరికి ఎర్రటి వరద విరుచుకుపడింది. ఆ తర్వాత మనిషీ కనబడలేదు, మందా కనబడలేదు. కొండమ్మను ఇద్దరు ముగ్గురు కలిసి గుట్ట మీదికి ఈడ్చుకొచ్చారు.

తెల్లారేసరికి గూడెం లేదు. గుట్ట మీద అందరూ ఉన్నారు, జంపయ్య తప్ప. గూడెం పెద్ద సీతయ్య వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. గోడ చెప్పకపోతే పసిపిల్లలతో సహా అందరం పోయేవాళ్లమన్నాడు.

"గోడ ఎప్పుడో చెప్పింది మామా," అన్నది కొండమ్మ. "నేనే, నా అలుకు ఆరలేదనుకున్న."