దొర తవ్వని మడి

ముందుగా ఒక మాట. నా రాతలో తప్పులుంటే మన్నించండి. ఒత్తులు నాకింకా పూర్తిగా లొంగలేదు. ఒక పేజీ నింపడానికి నాకు ఒక పూట పడుతుంది. ఇది రాయడానికి రెండు నెలలు పట్టింది. సగం అక్షరాలకు, సగం ధైర్యానికి.

మా ఇల్లు రెండు వాటాలు. ముందు వాటాలో మా మరిది, తోడికోడలు ఉంటారు. వెనక వాటాలో మా ఆయన పోయినప్పటి నుంచి నేనొక్కదాన్నే. రెంటికీ కలిపి ఒకటే పెరడు. అందులో కూరగాయలు నావి, పూలు మా తోడికోడలివి. టమాటా, బెండ, చిక్కుడు, దోసపాదులు, ఓ గుమ్మడి తీగ నేను చూసుకునేదాన్ని. అందుకే వీధిలో అందరూ నన్ను పాదులక్క అంటారు. మా తోడికోడలు మందుల షాపులో పని చేస్తుంది. పొద్దున వెళ్తే సాయంత్రానికి వస్తుంది. మందు సీసాల మీద చీటీలు అంటించి అంటించి ఆమెకు అదే అలవాటైపోయింది. ఇంట్లో ఉప్పు డబ్బా మీద కూడా ఉప్పు అని రాసి పెడుతుంది. పెరట్లో ప్రతి వరసకూ ఓ వెదురు పుల్ల పాతి, దాని మీద ఏం విత్తారో, ఏ రోజు విత్తారో రాసేది. నా బెండ వరసకు కూడా.

పెరట్లో మాకు తోడు రెండు జీవాలు. ఒకటి మా తోడికోడలి పిల్లి. దానికి పూలకుండీ ఖాళీగా కనిపిస్తే చాలు, అందులో దూరి పడుకుంటుంది. రెండోది దొర. మా మరిది కరెంటు పని చేస్తాడు. ఎక్కడో పనికి వెళ్ళినచోట దొరికితే పనిముట్ల సంచిలో వేసుకొచ్చాడు. గోధుమ రంగు కుక్క, ఒక చెవి మడత. చేతులు వెనక్కి కట్టుకుని తనిఖీకి వచ్చినవాడిలా నడిచేది, అందుకని దొర. పేరుకు వాళ్ళ కుక్కే గాని పగలంతా నా వెనకే. నేను కలుపు తీస్తుంటే వరసల మధ్య చల్లటి మట్టిలో బోర్లా పడుకుని చూసేది. లేత దోసకాయ విరిచి ఇస్తే కరకరా నమిలేది. "నా మొగుడు కూడా ఇంత ఇష్టంగా తినలేదురా" అనేదాన్ని దానితో.

ఇప్పుడు అసలు సంగతి. మా ఆయన అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేర్చేవాడు. ఆయన పెళ్ళానికి చదువు రాదంటే ఎవరైనా నమ్ముతారా? నాకు రాదు. "నేర్పండీ" అని అడిగితే, "పొద్దస్తమానం వాటితోనే చస్తున్నాను, ఇంటికొచ్చాక కూడా అవేనా?" అని నవ్వేసేవాడు. సంతకం ఒక్కటే నేర్పాడు. కాగితం ఏదొచ్చినా ఆయనే చదివి చెప్పేవాడు, ఎవరి ముందూ నా గుట్టు బయటపెట్టలేదు. ఆయన పోయాక కూడా పేపరు మానిపించలేదు నేను. పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని అరుగు మీద కూర్చుని, బొమ్మలు చూస్తూ పేజీలు తిప్పేదాన్ని. మా తోడికోడలు పనికి వెళ్తూ "ఏం రాశారక్కా?" అనేది. "ఏముంది, ధరలు పెరిగాయట" అనేదాన్ని. ఆ మాట ఏ రోజూ తప్పు కాలేదు.

ఆ ఏడు మా తోడికోడలి అమ్మ పోయింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు వాళ్ళమ్మ కుండీలో ఎండిపోయిన కోడిజుట్టు పువ్వు ఒకటి దులిపి, చిటికెడు విత్తనాలు మందుల పొట్లంలో కట్టుకొచ్చింది. కోడి నెత్తి మీద జుట్టులా ఎర్రగా, ముడతలుగా పూస్తుందే, ఆ పువ్వు. ఎప్పుడు చల్లిందో నేను చూడలేదు. చెప్పులు వేసుకుంటూ మాత్రం చెప్పింది.

"అక్కా, కొత్తగా విత్తినచోట పుల్ల పెట్టాను. మీద రాశాను, చూసుకో."

"చూశాలే" అన్నాను.

పెరట్లో అప్పటికే ఇరవై పుల్లలున్నాయి.

పది పదిహేను రోజుల తర్వాత, ఒక ఉదయం గోడవారన కలుపు తీస్తున్నాను. కోడిజుట్టుకు, గునుగు అనే కలుపు మొక్కకు మొలకలో తేడా ఉండదు, రెండూ ఒకే ఇంటి పిల్లల్లా ఉంటాయి. అక్కడో పుల్ల ఉంది. నిరుటి వంగనారుదై ఉంటుందనుకున్నాను. మడంతా శుభ్రంగా పీకి, గంపలో వేసి, పెరటి అవతలి మూల గుమ్మడి తీగ కింద ఉన్న ఎరువు గుంటలో పారబోశాను. తిరిగొచ్చి చూస్తే అప్పుడు తట్టింది. మొలకలు వరసల్లో ఉన్నాయి. కలుపు వరసలో మొలవదు. పుల్ల కూడా కొత్తది, పచ్చిది.

వాళ్ళమ్మ విత్తనాలు. పొట్లంలో ఒక్కటి కూడా మిగల్చకుండా చల్లానని ఆ ముందురోజే చెప్పింది. పీకానని చెప్పాలంటే ఎందుకు పీకానో చెప్పాలి. రాసి పెట్టాను కదా అంటుంది. అప్పుడేం చెప్పను?

తర్వాత నేను చేసిన పని రాయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతోంది. కలుపు తీసే మూడు పళ్ళ గొర్రు ఉంది నా దగ్గర. దాంతో మడంతా అడ్డదిడ్డంగా గీకాను. ఒకచోట లోతుగా గొయ్యి తీశాను. పుల్లను పక్కకు పడేశాను. పిల్లి పని అని చెబుదామా అనుకున్నాను గాని, అది కిటికీలో నిద్రపోతోంది. అంతలో దొర వచ్చింది. గుల్లగా ఉన్న కొత్త మట్టి చూసి దానికి ప్రాణం లేచొచ్చింది. వెళ్ళి సరిగ్గా నేను తీసిన గోతిలో ముక్కు పెట్టి, నాలుగు పక్కలా దొర్లి, హాయిగా పడుకుంది. నేను లేపలేదు.

సాయంత్రం మా తోడికోడలు వచ్చేసరికి దాని మూతి నిండా మట్టి.

ఆమె మడి పక్కనే చతికిలబడిపోయింది. మట్టిని చేత్తో అటూ ఇటూ వెతికింది. మా మరిదే దొర మీదకు చెప్పు తీశాడు.

"వదినా, నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా, చూడలేదా?"

"కునుకు పట్టింది" అన్నాను.

ఆ రోజు నుంచి దొరను సిమెంటు గచ్చు మీద గొలుసుతో కట్టేశారు. మా మరిది మొండివాడు, ఏది పట్టినా వదలడు. పొద్దునా సాయంత్రం గొలుసు విప్పి, అది మట్టిలో కాలు పెట్టగానే ఇనప బకెట్టు మీద కర్రతో ఠంగున కొట్టేవాడు. వినకపోతే ఆ కర్ర దాని మీద. నాలుగు రోజులకు అది మట్టి అంచు దాకా వచ్చి ఆగిపోవడం నేర్చుకుంది. కట్టేసి ఉన్నంతసేపూ నా గుమ్మం వైపే చూసేది. నేను బెండకాయలు కోస్తుంటే తోక నేలకేసి కొట్టేది. దోసకాయ ముక్క విసిరితే తినేది కాదు, నన్నే చూసేది. పగలంతా మూలుగు. పక్కింటివాళ్ళు వచ్చి ఈ గోలేమిటని అడిగిపోయారు.

ఇరవై రోజుల తర్వాత మా మరిది అన్నాడు, "కలప అడితిలో కాపలాకు కుక్క కావాలంటున్నారు. ఇచ్చేద్దామా? నీకేమనిపిస్తోంది వదినా?"

నోరు తెరిస్తే చాలు. ఒక్క మాట చెబితే దొర ఉండిపోయేది.

"పంపిస్తేనే మేలేమో" అన్నాను. దాని చూపు నా మీద లేకపోతే చాలనిపించింది, అంతే.

మా తోడికోడలు నన్ను ఆశ్చర్యంగా చూసింది. "నువ్వు వద్దంటావనుకున్నానక్కా" అంది.

దొర వెళ్ళిపోయాక పెరడు నాకు పని చేసే చోటులా లేదు. చిక్కుళ్ళు ముదిరిపోయినా కోయలేదు. వరసల మధ్య అది పడుకునే చోట మట్టి నున్నగా, దాని ఆకారంలోనే గుంటపడి ఉంది. అక్కడికి నీళ్ళ బిందె తీసుకెళ్ళలేకపోయేదాన్ని.

రెండు నెలలు గడిచాయి. ఒక సెలవు రోజు గుమ్మడి ఆకులు పక్కకు తీసి ఎరువు గుంటలో చెత్త వేయబోతే, లోపల ఎర్రగా ఏదో కనబడింది. కోడిజుట్టు. నేను పారబోసిన మొలకల్లో ఒకటి కుళ్ళిన ఎరువులో వేళ్ళు దించి, మోకాలెత్తు పెరిగి, అరచెయ్యంత పువ్వు పూసింది. చూడగానే నాకు సంతోషం కలగలేదు, భయం వేసింది. కుక్క తవ్వితే మొక్క మడిలోనే పడుతుంది. గంపలో పోసి ఇంత దూరం మోసుకొచ్చేది మనిషే. నా చెయ్యి దాని కాడ మీదకు వెళ్ళింది. ఒక్క లాగు లాగితే సరిపోతుంది.

"అక్కా! అది మా అమ్మ కోడిజుట్టు కదా!"

తొక్కల గిన్నెతో వెనకే నిలబడి ఉంది మా తోడికోడలు. గిన్నె అక్కడే వదిలేసి, గుంట అంచున మోకాళ్ళ మీద కూర్చుని, పువ్వును రెండు చేతుల్లోకి తీసుకుంది. ఏడుస్తోంది, నవ్వుతోంది.

"అచ్చం ఇదే రంగు. ఎలా వచ్చిందక్కా ఇక్కడికి? మడి ఆ చివర, గుంట ఈ చివర. గాలికి ఓ విత్తనం కొట్టుకొచ్చి ఉంటుందిలే."

గాలి. ఆమే నాకు దారి చూపించింది. నేను తల ఊపితే అయిపోయేది. నా చెయ్యి ఇంకా కాడ మీదే ఉంది.

"గాలి కాదే. నేను."

"నువ్వేంటి?"

"నేనే పీకాను, కలుపనుకుని. పీకి ఇందులో పోశాను. దొర తవ్వలేదు."

"తవ్వకపోవడమేంటి? గోళ్ళ గీతలు చూశాగా నేను."

నేను లేచి చూరులో ఉన్న మూడు పళ్ళ గొర్రు తెచ్చి ఆమె ముందు పెట్టాను. దాన్ని చూసింది. నన్ను చూసింది.

"పుల్ల మీద రాశానుగా! ఇంత లావు అక్షరాలు రాశాను. చూశానన్నావుగా నువ్వు!"

"చూశాను. నాకు చదవడం రాదు."

"వేళాకోళమా? రోజూ పేపరు చదువుతావుగా."

"బొమ్మలు చూస్తాను."

"మరి ధరలు పెరిగాయని చెప్పేదానివి?"

"ఎప్పుడు తగ్గాయి గనక?"

ఆమె పెదవి నవ్వబోయింది. అంతలోనే ముఖం మాడిపోయింది.

"చదువు రాదని చెబితే నేనేమన్నా అనేదాన్నా అక్కా? విత్తనాలు పోయాయంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆ నోరులేనిదాన్ని కొడుతుంటే గుమ్మంలో నిలబడి చూశావు. పంపించెయ్యమని నువ్వే అన్నావు!"

నేను అవునన్నాను.

మా మరిదికీ అంతా చెప్పాను. ఆ సాయంత్రమే ముగ్గురం అడితికి వెళ్ళాం. దొర చెక్కల దొంతి మీద పడుకుని ఉంది. నన్ను చూడగానే గొలుసు తెంపుకునేంత పని చేసింది. నా చేతులు, ముఖం, చీర చెంగు నాకేసింది. అది నా మీద కోపం పెట్టుకుని ఉంటే కాస్త ఊపిరాడేది నాకు.

కాపలాదారు దాన్ని వదల్లేక వదిలాడు. "మంచి కుక్కండి. మట్టిలో కాలు పెట్టదు. వాన పడితే చెక్కల మీదే నిలబడిపోతుంది. ఎవరో బాగా నేర్పించారు" అన్నాడు. మా మరిది తల దించుకుని గొలుసు విప్పాడు.

పదకొండు రోజులు మా తోడికోడలు నాతో మాట్లాడలేదు. పన్నెండో రోజు పొద్దున అరుగు మీద నా పక్కన ఒక కొత్త వెదురు పుల్ల, పెన్సిలు, ఆ ఎర్ర పువ్వు నుంచి దులిపిన విత్తనాల పొట్లం పెట్టింది.

"ఈసారి పుల్ల నువ్వే రాయి. రాకపోతే నేర్చుకుని రాయి. అప్పటిదాకా ఇవి విత్తను."

"ఈ వయసులోనా?"

"విత్తనాలు ఆగుతాయిలే" అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

వీధి చివర బడిలో సాయంత్రాలు పెద్దవాళ్ళకు చదువు చెబుతారు. అక్కడ చేరాను. ఐదు నెలలు పట్టింది. డకు, ట కింద ఒత్తుకు నేను పడ్డ తిప్పలు మా పంతులమ్మను అడిగితే చెబుతుంది. అమ్మ కోడిజుట్టు అని పుల్ల మీద రాసి తీసుకెళ్తే, మా తోడికోడలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తేదీ వెయ్యలేదు" అంది. వేసి ఇచ్చాను. ఇద్దరం కలిసి విత్తాం. మొలిచాయి.

దొర మాత్రం మట్టిలోకి రాదు. గొలుసు తీసేసి చాలా రోజులైంది, బకెట్టు గూట్లో దాచేశాం. అయినా గచ్చు అంచున ఆగిపోయి, నేను వరసల్లో కూర్చుని పిలుస్తుంటే తోక ఊపుతుంది, ఒక కాలు ఎత్తుతుంది, మళ్ళీ వెనక్కి పెడుతుంది. రోజూ సాయంత్రం కలుపు ఉన్నా లేకపోయినా వెళ్ళి కూర్చుంటున్నాను. పోయిన వారం గచ్చుకు ఆనించి మట్టి మీద గోనె పరిచాను. నిన్న ముందు కాళ్ళు రెండూ గోనె మీద పెట్టింది. వెనక కాళ్ళు గచ్చు మీదే ఉన్నాయి. దోసకాయ ముక్క నా చేతిలోనుంచి తీసుకుని, అక్కడే నిలబడి తింది.

ఇట్లు,
పాదులక్క,
వయసు అరవై ఏడు,
ఉండేది అదే ఇంట్లో, పెరటి వైపు వాటాలో.