ఎనిమిదో భాగం

తోముతున్న గిన్నెను తొట్టిలో వదిలేసి, సబ్బు చెయ్యి కొంగుకు తుడుచుకుని, సైన్సు టీచరు కిటికీ గట్టు మీదున్న ఫోన్లో బొత్తాం నొక్కింది. పది నిమిషాలకోసారి ఆ వీడియో 'మీరు చూస్తున్నారా?' అని అడుగుతుంది. చూస్తున్నానని నొక్కకపోతే మళ్లీ మొదటికొస్తుంది. తరగతి గదిలో స్మార్ట్ బోర్డు ఎలా వాడాలో టీచర్లకు నేర్పే ఆన్‌లైన్ కోర్సు అది, మొత్తం ఎనిమిది భాగాలు. ఆ ఫోను మాత్రం ఆమెది కాదు. అదే బడిలో సోషల్ చెప్పే ఆమె భర్తది. ఆయన ముందు గదిలో కాళ్లు చాపుకుని వార్తలు చూస్తున్నాడు.

"ఈ మీటలూ గీటలూ నాకు పడవోయ్. నీకైతే చిటికెలో పని," అన్నాడు మొదటిరోజే. చిటికెలో అయిపోయే పనులన్నీ ఆమె వాటాకే ఎందుకొస్తాయో పెళ్లైన పదహారేళ్లకీ ఆమెకు అంతుపట్టలేదు. "ముందు వాడిది కానీయమ్మా, నీదెక్కడికి పోతుంది?" అని అత్తగారు పక్కనుంచి వంత పాడింది. నిజమే, ఎక్కడికి పోతుందిలే అనుకుంది తనూ. అలా ప్రతి భాగాన్నీ రెండేసిసార్లు చూసింది, ఆయన పేరున ఒకసారి, తన పేరున ఒకసారి. పరీక్షల్లో ఆయనకు నూటికి తొంభై ఎనిమిది వచ్చాయి. ఒళ్లు అలిసిపోయి రాసిన తన పరీక్షల్లో ఎనభై ఒకటి.

చివరి భాగానికి ఎవరి పాఠం వాళ్లే తయారుచేసి పంపాలి. ఆమె దగ్గర ఒక పాఠం ఉంది. చిన్నప్పుడు ఒక్కసారంటే ఒక్కసారి చెయ్యెత్తి తప్పు జవాబు చెబితే క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత బడి వదిలేదాకా ఆ చెయ్యి లేవలేదు. అందుకే తన క్లాసులో పిల్లలు పేరు లేకుండా ట్యాబుల్లోంచి జవాబులు పంపుతారు, అన్నీ బోర్డు మీద కనబడతాయి. ఆమె ముందు ఒక తప్పు జవాబును ఎంచుకుని, "ఇది సబబే అని ఎందుకనిపిస్తుంది?" అని అడుగుతుంది. దానిమీద అందరూ మాట్లాడతారు. రెండేళ్లుగా నోరు విప్పని వెనకబెంచీ పిల్ల ఒకరోజు దిగ్గున లేచి, "ఆ తప్పు నాదే టీచర్!" అంది, బహుమతి వచ్చినంత గొప్పగా. ఆరోజు ఇంటికెళ్లే దారంతా ఆమె తనలో తనే నవ్వుకుంది. ఇంట్లో చెబితే ఆయన "ఊఁ" అన్నాడు.

గడువుకు ఒకరోజు ముందు అదే ఆయన, "నీ పాఠం భేషుగ్గా ఉంటుందన్నావుగా, ప్రశ్నలు మార్చి నా పేరున పంపెయ్," అన్నాడు. మొక్కల ప్రశ్నలు తీసేసి నదుల ప్రశ్నలు పెట్టి, మిగతాదంతా అలాగే ఉంచి ఆమె పంపేసింది. మర్నాడు తనది పంపబోతే తెర మీద ఎర్రక్షరాలు: 'ఈ పాఠం ఇప్పటికే మరొకరి పేరున నమోదైంది.'

హెడ్మిస్ట్రెస్ ఇద్దర్నీ గదిలోకి పిలిచింది. "ఏంటి టీచర్, మరీ మక్కీకి మక్కీ దించేశారు? ఇంట్లోనే ఉన్నారుగా, అడిగితే మీవారే ఓ నాలుగు ముక్కలు మార్చి ఇచ్చేవారు కదా!"

ఆమె భర్త వైపు చూసింది. ఇప్పుడైనా చెబుతాడనుకుంది.

"పోనివ్వండి మేడమ్," అని నవ్వాడు ఆయన. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీ కంప్యూటర్ పట్టేసింది!"

హెడ్మిస్ట్రెస్ కూడా నవ్వేసింది. మాస్టారి పాఠం అందరికంటే బాగుందని ఎంపికైందట, వచ్చే వారం మిగతా టీచర్లకు ఆయనే దాన్ని నేర్పుతాడట. ఆమె మాత్రం సాయంత్రంలోగా సంజాయిషీ రాసివ్వాలి, లేకపోతే కోర్సు రద్దు.

సంజాయిషీ కూడా ఆయనే రాసి తెచ్చాడు, పదహారేళ్లలో ఆమె కోసం రాసిన మొదటి కాగితం. 'నా భర్త తయారుచేసిన పాఠాన్ని పొరపాటున నా పేరున పంపాను. మన్నించగలరు.' "సంతకం పెట్టెయ్. చిటికెలో పని," అని స్టాఫ్ రూములో బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆమె ఆ రెండు వాక్యాలూ మళ్లీ చదివింది. ఆయన మీద కోపం ఎప్పటిదే, కొత్తదేం కాదు. తన మీద తనకే ఇంత బాధ కలగడం కొత్త. ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. గొడవ పడటం కంటే బొత్తాం నొక్కడమే తేలికనిపించింది, నొక్కింది. ఆయన పేరున ఎన్నిసార్లు చూస్తున్నానని చెప్పిందో! ఆ వెనకబెంచీ పిల్లతో నోరు విప్పించిన పాఠాన్ని, కనీసం అరగంట తటపటాయించకుండా, అడగ్గానే ఇచ్చేసింది. అన్నిటికంటే అదే గుచ్చుకుంటోంది. ఇప్పుడు నిజం రాస్తే ఆయన పరువుతో పాటు తన కోర్సూ పోతుంది. ఇంట్లో అత్తగారి ముందూ నిలబడాలి. సంతకం పెడితే ఆ పాఠం ఇక ఎప్పటికీ ఆయనదే.

బయట గంట కొట్టారు. ఆమె కాగితాన్ని వెనక్కి తిప్పింది. 'రెండు పాఠాలూ చేసింది నేనే. మావారి కోర్సు ఎనిమిది భాగాలూ చేసిందీ నేనే,' అని రాసింది. కాస్త ఆగి, సంతకం పైన ఇంకొక్క వాక్యం చేర్చింది.

'ఆ తప్పు నాదే.'