నూనె చెయ్యి

రాహేలు ఆ ఉదయం పదకొండో పలకను చట్రంలోకి దూర్చింది. మూడు వైపులా చెక్కలు బిగించిన గాడిలోకి రాయిని జార్చి, నాలుగో చెక్కను సుత్తితో రెండు దెబ్బలు కొడితే పలక తయారు. ముప్పై ఏళ్లు ఆ రెండు దెబ్బలూ కుడిచేతివే. రెండు నెలలుగా సుత్తి ఎడమచేతికి మారింది. కుడి బొటనవేలి కింద కండ కరిగి గుంటపడింది. ఎవరైనా అటుగా వస్తే ఆ చెయ్యి కొంగులోకి పోతుంది.

మార్కాపురంలోని ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. నూనె చేతులతో రాయిని ముట్టకూడదు. నూనె అంటిన చోట బలపం గీయదు. తలకు నూనె రాసుకుని నేరుగా పనిలోకొచ్చిన ఆడవాళ్లను రాహేలే కుళాయి దగ్గరికి తరిమేది. ఆమె నోట తిట్లు తినని మనిషి షెడ్డులో లేదు. చెప్పుకోదగ్గ గొప్పేదీ లేని ఆ బతుకులో ఆమె దాచుకున్న గొప్ప ఒకటే, తాను బిగించిన ఏ పలక మీదా మరక లేకపోవడం.

మేస్త్రి నరసింహులు వచ్చి నిలబడ్డాడు.

"రాహేలక్కా, నరాల పరీక్ష ఈ పొద్దే గదా. చెయ్యి బాగుంటేనే రేపట్నుంచి ఈడ కూర్చో. లేకుంటే వేరే మనిషిని పెట్టుకుంటా."

"కరెంటు పెడతారంట గదా మేస్త్రీ?"

"పెడతారు. చచ్చేంత పెట్టరులే."

రాహేలుకు మొగుడు పోయి పదేళ్లు, పిల్లల్లేరు. పొద్దున లేస్తే వెళ్లడానికి ఆమెకున్న చోటు షెడ్డులో కూర్చునే ఆ పీట ఒక్కటే.

రోడ్డు మీద ఆడబిడ్డ సంతోషమ్మ చిన్న సీసాతో ఎదురుచూస్తోంది. ఆదివారం చర్చిలో ప్రార్థన చేయించిన నూనె అది. రాహేలు కుడిచేతికి మోచేతి నుంచి వేళ్ల దాకా రుద్ది, సీసా ఆమెకే ఇచ్చింది.

"తుడవొద్దు వదినా. తుడిస్తే నమ్మిక లేనట్టే."

"నూనె రాసుకోకుండా రమ్మని ఆసుపత్రి చీటీలో ఉండాది గదా."

"అది మామూలు నూనె సంగతి."

ఇద్దరికీ ఆ మాట న్యాయంగానే తోచింది.

నెలకోసారి వచ్చే నరాల డాక్టరు గదిలో మిషను నడిపే అమ్మాయి అరుణ. ఆమె అంటించిన తీగల బిళ్లలు రాహేలు చేతి మీద నిలవక జారిపోయాయి.

"ఏందమ్మా ఈ నూనె? చీటీ చదవలేదా?"

స్పిరిట్ దూదితో గట్టిగా తుడిచి, దూదిని చెత్తబుట్టలో పారేసింది. రాహేలు ఆ బుట్ట వంకే చూస్తూ ఉండిపోయింది. తరువాత మణికట్టు దగ్గర కరెంటు తగిలింది. సుత్తి గురి తప్పి వేలి మీద పడ్డట్టు అనిపించింది. ఆ తరువాత కండలోకి సూది.

"బిగించు. ఆఁ, ఇప్పుడు వదిలెయ్."

వదిలేసింది. మిషను మాత్రం ఊరుకోలేదు, పేలాలు వేగుతున్నట్టు చిటపటలాడుతూనే ఉంది.

"చప్పుడొస్తాంది గదా పాపా. అంటే బతికే ఉన్నట్టు గదా?"

అరుణ ఎడమచేతికి సూది మార్చింది. అక్కడా అదే చిటపట. రాహేలు ముఖం విప్పారింది. చెయ్యి వదిలేశాక మిషను నోరు మూసుకోవాలని, నరం విడిచిపెట్టిన కండే అలా గోల పెడుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. డాక్టరు కాగితం చూసి, "మళ్లీ వచ్చినప్పుడు మీవాళ్లను ఎవరినైనా తీసుకురా" అన్నాడు. మొగుడూ పిల్లలూ లేరని చెప్పేలోపే ఇంకొకరి పేరు పిలిచారు.

బయటికొచ్చి, సీసాలో మిగిలిన నూనెనంతా రెండు చేతులకూ రాసుకుంది. అది ప్రభువుకు కృతజ్ఞత. తిన్నగా షెడ్డుకు నడిచింది.

"చెయ్యి బతికుందని మిషనే చెప్పినాది, మేస్త్రీ."

"ఏదీ, ఈ రాయి దూర్చు చూస్తా."

ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆమె కుళాయిని మరిచిపోయింది. రాయి అందుకుంది. అది వేళ్ల మధ్యనుంచి జారి సిమెంటు నేల మీద మూడు ముక్కలైంది. నరసింహులు ఒక ముక్క తీసి వాసన చూశాడు.

"నూనె."

ఆమె చేత తిట్లు తిన్నవాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు.

"కడుక్కొస్తా మేస్త్రీ. ఒక్క నిమిషం."

కుళాయి కింద సబ్బుతో చాలాసేపు తోముకుంది. తిరిగొచ్చేసరికి పీట మీద షెడ్డులోని ఇంకొకామె, పద్మజ, కూర్చుని ఉంది. రాహేలు తడి చేతులతోనే ఇంటికి పోయింది.

మళ్లీ పరీక్షకు వెళ్లలేదు. జబ్బు ముదిరి ఎడమచెయ్యి కూడా పడిపోయింది, తరువాత మింగుడు పడకుండా పోయింది. మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం, సంతోషమ్మ గంజి చల్లారబెడుతుండగా, రాహేలు ప్రాణం పోయింది.

ఆ రోజు పగిలిన వాటిలో పెద్ద ముక్కను పద్మజ పీట పక్కన గోడకు ఆనించుకుంది. రోజూ చట్రాల కొలతలు దాని మీదే రాస్తుంది. అంచు దగ్గర బొటనవేలంత చోట మాత్రం బలపం ఎన్నిసార్లు రుద్దినా అంటదు.