రాముడు సెలవులో లేడు

సముద్ర తీరాన అటవీశాఖ పెట్టిన తాబేలు గుడ్ల కాపలాలో రోజుకూలీలైన పైడిబాబుకూ రాముడికీ ఒక అలవాటు ఉండేది. ఒకరికి ఇంట్లో పని పడితే రెండోవాడు తీరానికి వెళ్లేవాడు. హాజరు పుస్తకంలో మాత్రం వంతు ఎవరిదో వాళ్ల సంతకమే పడేది. రోజుకూలీకి సెలవు అడగడం కన్నా అది సులువు.

ఫిబ్రవరిలో పైడిబాబు సిప్పీఘాట్ ఊళ్లో కూతురికి చెవులు కుట్టించిన రోజునా అదే జరిగింది. రాముడు తన సెలవు వదులుకుని వెళ్లాడు. అలలు అందే చోట తాబేలు పెట్టిన గుడ్లను తట్టకెత్తి, కంచె వేసిన ఇసుకలో జాగ్రత్తగా పూడ్చాడు. తట్ట కడుక్కోవడానికి ఉప్పునీటి పాయలో దిగినవాణ్ణి మొసలి లాక్కుపోయింది.

పుస్తకంలో రాముడికి సెలవు, పైడిబాబు హాజరు. సెలవునాడు అక్కడేం పని అని జెట్టీ దగ్గర చేపలమ్మేవాళ్లు గుసగుసలాడారు. వీడి తాతలు తాబేలు గుడ్లు తవ్వి తిన్నారు కదా, వీడూ ఆ దొంగతనానికే పోయాడన్నారు. ఉద్యోగం పోతుందన్న భయంతో పైడిబాబు నోరు మెదపలేదు. అధికారులడిగితే, తాను తీరం అవతలి కొసన ఉన్నానన్నాడు.

సెప్టెంబరు పదకొండున, విధుల్లో చనిపోయిన అటవీ సిబ్బందిని తలుచుకునే సభ పెట్టారు. రాముడి భార్య గురమ్మ ఉతికిన చీర కట్టుకుని వెనక వరసలో కూర్చుంది. భర్త పేరు చదివితే ఆ మాటలు ఆగుతాయని ఆమె ఆశ. పేర్లన్నీ చదివారు. రాముడి పేరు రాలేదు. ఆ తర్వాత, ఎక్కువ గుడ్లు కాపాడినందుకు శాలువా కప్పుతామంటూ పైడిబాబును పిలిచారు.

వేదిక ఎక్కాడు గానీ, శాలువా పట్టుకున్న రేంజరు తిరుమలరావు ముందు అతని మెడ వంగలేదు.

"ఆ రోజు డ్యూటీ నాది సాబ్. నా బదులు రాముడెళ్లాడు. ఆ గుడ్లు మార్చింది ఆడే."

రేంజరు శాలువా మడిచాడు. "రాసి ఇయ్యి. ఆయన పేరు పైకి పంపిస్తాను. నువ్వు మాత్రం రేపట్నుంచి పనిలోకి రావద్దు భయ్యా."

కాగితం మీద సంతకం పెట్టి బయటికి వస్తే, గేటు దగ్గర గురమ్మ నిలబడి ఉంది. అతను చేతులు జోడించాడు.

"తప్పైపోనాది వొదినా."

గురమ్మ ఏడవలేదు, తిట్టనూ లేదు.

"నాకెందుకు సెప్తన్నావు? మా ఆయన దొంగ కాడని నాకు ముందే తెలుసు. జెట్టీ కాడికి పద. అక్కడ సెప్పు."

ఎండ మండిపోతోంది. ఆమె వెనక్కి చూడకుండా నడిచింది. పైడిబాబు వెంట వెళ్లాడు. చేపల గంపల మధ్య నిలబడి, ఆ రోజు రాముడు తన బదులు వెళ్లాడని తల దించుకుని మెల్లగా చెప్పాడు. బేరాలు సాగుతూనే ఉన్నాయి.

"వినబడలేదు, మళ్లీ సెప్పు," అంది గురమ్మ.